స్ట్రైపర్ తొలి రోజులు (1983–87): పసుపు నలుపు చారల బ్యాండు గురించి మాట్లాడుకుందాం

పాతటేపు_బెజవాడ
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ వందనాలు. మొన్న ఇంటికి రంగులు వేయిద్దామని అటక మీది సామాన్లు దించుతుంటే పాత క్యాసెట్ల డబ్బా బయటపడింది. అన్నిటికన్నా అడుగున అమెరికా క్రైస్తవ మెటల్ బ్యాండు స్ట్రైపర్ వాళ్ళ 'టు హెల్ విత్ ద డెవిల్'. 1994లో మా పెదనాన్నగారి అబ్బాయి మస్కట్ నుంచి వస్తూ తెచ్చిన టేపు అది. అప్పుడు నేను పదో తరగతి. మా ఇంట్లో పొద్దున కీర్తనల పుస్తకం, రాత్రి కుటుంబ ప్రార్థన. మధ్యలో ఇంకో పాట వినపడితే నాన్న ముఖం మారిపోయేది. అలాంటి ఇంట్లో ఈ టేపు పెట్టాను. మొదట మాటల్లేని చిన్న సంగీతం, దాని వెనకే గిటార్లు గుమ్మం తోసుకుని లోపలికొచ్చినట్టు వచ్చాయి.

అమ్మకి ఇంగ్లీషు అంతగా రాదు కానీ అట్ట మీద 'హెల్', 'డెవిల్' అన్న మాటలు కూడబలుక్కుంది. టేపు తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. లోపలి కాగితంలో ఉన్న పాటలకి నేను కూర్చుని తెలుగులో అర్థం చెప్పాక, "అయితే ఇది సాతాను మీద పాట కదరా, సాతాను పాట కాదుగా" అని వెనక్కి ఇచ్చేసింది. అమ్మ ఇప్పుడు లేదు. డబ్బాలో టేపు కనిపించగానే ముందు ఆ తాళంచెవి గుర్తొచ్చింది.

ఈ బ్యాండు మొదలైన నాలుగైదేళ్ళలో ఏం జరిగిందో తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. పాటలు కంఠతా వచ్చు కానీ వాళ్ళు ఎక్కడి నుంచి ఎలా వచ్చారో నాకు సరిగ్గా తెలియదు.

లీడ్‌గిటార్_గుంటూరు
ఆదివారం, రాత్రి 10:55

అన్నా, వందనాలు. నేను గిటారు పట్టిందే ఈ బ్యాండు వల్ల. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఊరు దక్షిణ కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ. స్వీట్ అన్నదమ్ములు ఇద్దరు. పెద్దవాడు రాబర్ట్, 1960లో పుట్టాడు, డ్రమ్స్. చిన్నవాడు మైకేల్, 1963లో పుట్టాడు, పాట, గిటారు. 1975లో వాళ్ళ ఇంట్లోవాళ్ళు టీవీలో జిమ్మీ స్వాగర్ట్ ప్రసంగాలు చూసి రక్షణలోకి వచ్చారు. అప్పటికి మైకేల్ పన్నెండేళ్ళవాడు. ఈ స్వాగర్ట్ పేరు గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ వస్తుంది.

వయసొచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ చర్చికి దూరమయ్యారు. లాస్ ఏంజెలెస్‌లో సన్‌సెట్ స్ట్రిప్ అని క్లబ్బుల వీధి ఉంది. పేరు తెచ్చుకోవాలనుకునే ప్రతి హార్డ్ రాక్ బ్యాండూ అక్కడికే చేరేది. వీళ్ళూ 'రాక్స్ రెజీమ్' అనే పేరుతో ఆ చుట్టుపక్కల వాయించేవాళ్ళు. అప్పటికే రాబర్ట్‌కి పసుపు నలుపు చారల పిచ్చి పట్టింది. లీడ్ గిటారుకి ఆజ్ ఫాక్స్ వచ్చాడు. అసలు పేరు రిచర్డ్ మార్టినెజ్. బేస్ గిటారుకి టిమ్ గెయిన్స్ వచ్చాడు. ఈ నలుగురే మనకి తెలిసిన స్ట్రైపర్.

1983లో మలుపు తిరిగింది. విశ్వాసంలో ఉన్న ఒక స్నేహితుడు వీళ్ళని కూర్చోబెట్టి, దేవుడిచ్చిన తలాంతుని ఆయన కోసం వాడమని చెప్పాడు. ఆ మాట వీళ్ళలో నాటుకుంది. కలిసి ప్రార్థన చేసుకున్నారు. పాత ట్యూన్లు అలాగే ఉంచి మాటలు మార్చి రాసుకున్నారు. పేరు స్ట్రైపర్ అయింది.

నాకు ఎప్పటికీ ఆశ్చర్యంగా ఉండేది ఇక్కడే. జుట్టు కత్తిరించుకోలేదు, వాల్యూమ్ తగ్గించలేదు, క్లబ్బులు మానలేదు. ఏ గుంపు ముందు వాయించేవాళ్ళో ఆ గుంపు ముందే యేసు పేరు ఎత్తి పాడారు. చర్చికి వెళ్ళి చర్చి కుర్రాళ్ళకి పాడుకుంటే వీళ్ళని ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. 

ఎనిగ్మా రికార్డ్స్ అనే చిన్న కంపెనీ వీళ్ళతో ఒప్పందం చేసుకుంది. అది క్రైస్తవ కంపెనీ కాదు, తర్వాత పాయిజన్ బ్యాండు మొదటి ఆల్బమ్ కూడా వాళ్ళే వేశారు. 1984 జులైలో ఆరు పాటలతో 'ది యెల్లో అండ్ బ్లాక్ ఎటాక్' వచ్చింది. రికార్డింగ్ అంత నున్నగా ఉండదు. కానీ మొదటి పాట 'లౌడ్ ఎన్ క్లియర్' వింటే, చెప్పాల్సింది చెప్పేయాలని తొందరపడుతున్న కుర్రాళ్ళు కనిపిస్తారు. మైకేల్‌కి అప్పుడు ఇరవై, ఇరవై ఒకటి.

1985, 1986 సంగతులు రేపు రాస్తాను. ఉదయాన్నే డ్యూటీ ఉంది.

కీర్తన_కాకినాడ
సోమవారం, ఉదయం 6:20

గుంటూరు తమ్ముడూ, చాలా బాగా చెప్పావు. పేరు గురించి నేనొక మాట కలుపుతాను.

స్ట్రైపర్ అన్న పేరుకి ఆధారం యెషయా గ్రంథం 53వ అధ్యాయం 5వ వచనం. వాళ్ళ లోగో కింద ఆ అంకెలే ఉంటాయి. మన తెలుగు బైబిల్లో ఆ మాట ఇలా ఉంది: "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది." వాళ్ళ పాత ఇంగ్లీషు బైబిల్లో 'దెబ్బలు' ఉన్నచోట 'స్ట్రైప్స్' అని ఉంటుంది. కొరడా దెబ్బకి లేచిన గుర్తుని అలా అంటారు, బట్ట మీద గీతనీ అలాగే అంటారు. అందుకే ఆ బట్టల మీద చారలు.

చాలా ఏళ్ళు నాకు ఈ ముడి అర్థం కాలేదు. మన అనువాదంలో 'దెబ్బలు' అని చదివి, పసుపు నలుపు బట్టలకీ ఈ వచనానికీ ఏం సంబంధం అనుకునేదాన్ని. ఒకరోజు మా నాయనమ్మ, ఎద్దుని ఎవరో చెర్నాకోలతో కొడితే చూసి "అయ్యో, వీపు మీద చారలు తేలాయి" అంది. అప్పుడు తట్టింది. మన భాషలోనూ కొరడా గుర్తు చారే, చీర మీద గీతా చారే. అప్పటినుంచి వాళ్ళ ఫొటో చూస్తే నాకు ఫ్యాషన్ కనిపించదు, ఆ వీపే కనిపిస్తుంది.

చారలు ముందే వచ్చాయి అని నువ్వు రాశావు కదా. అది నిజమే. సరదాకి వేసుకున్న చారల్లో తర్వాత అంత పెద్ద అర్థం దొరకడం నాకు ఇంకా ఇష్టంగా ఉంది.

రాబర్ట్ ఆ పేరులోని ఒక్కో అక్షరానికి ఒక్కో మాట పెట్టి ఇంకో అర్థం కూడా చెప్పేవాడు. విమోచన ద్వారా రక్షణ, దాని వల్ల సమాధానం, ప్రోత్సాహం, నీతి అని దాని భావం.

సీయోను_పాఠకుడు
సోమవారం, ఉదయం 8:05

అందరికీ ప్రభువు పేరట వందనాలు. నేను రిటైరైన టీచర్‌ని, సంఘంలో పెద్దగా ఉన్నాను. మా మనవడు ఈ చర్చ చూపించాడు. మీ ఉత్సాహం తప్పు పట్టడానికి రాయడం లేదు. కానీ మనసులో ఉన్నది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మనవడు వీడియోలు పెట్టి చూపించాడు. బిగుతు బట్టలు, కళ్ళకి కాటుక, పెంచిన జుట్టు. ఆ అరుపులో వాక్యం ఎంతమందికి వినపడుతుంది? ఇంకొకటి, స్టేజి మీద నుంచి కొత్త నిబంధన పుస్తకాలు జనంలోకి విసురుతున్నారు. నా చిన్నప్పుడు మా ఊళ్ళో మూడు ఇళ్ళకి ఒక బైబిలు ఉండేది. కింద పెడితే మా అమ్మ కళ్ళకద్దుకుని తీసేది. ఆ పుస్తకాన్ని బంతిలా విసరడం చూసి నా ప్రాణం చివుక్కుమంది. "మీ ముత్యములను పందులయెదుట వేయకుడి" అని ప్రభువే అన్నాడు కదా.

కోపగించుకోకండి. సమాధానం ఉంటే చెప్పండి, వింటాను.

మెటల్_మల్కాజిగిరి
సోమవారం, ఉదయం 10:30

పెద్దాయనా, నమస్కారం. నేను క్రైస్తవుణ్ణి కాదు, మెటల్ సంగీతం అంటే ప్రాణం. ఇంజనీరింగ్‌లో నా రూమ్మేట్ వల్ల స్ట్రైపర్ విన్నాను. మతం సంగతి మీరు మాట్లాడుకోండి, అప్పటి వీధి సంగతి నేను చెప్తాను. అది తెలిస్తే వాళ్ళు ఆ బట్టల్లో ఎందుకున్నారో అర్థమవుతుంది.

1983 అంటే లాస్ ఏంజెలెస్ మెటల్‌కి పెద్ద సంవత్సరం. మే 29న 'అస్ ఫెస్టివల్' అనే పెద్ద సంగీతోత్సవంలో హెవీ మెటల్‌కే ఒక రోజు కేటాయించారు. లక్షల్లో జనం వచ్చారు. నవంబర్లో క్వయట్ రయట్ వాళ్ళ 'మెటల్ హెల్త్' అమెరికాలో నంబర్ వన్ ఆల్బమ్ అయింది. సెప్టెంబర్లో మోట్లీ క్రూ 'షౌట్ ఎట్ ద డెవిల్' వచ్చింది, అట్ట మీద అయిదు మొనల నక్షత్రం గుర్తుతో. సైతాను గుర్తులు పెడితే టికెట్లు తెగే రోజులు. నమ్మకం ఉండి పెట్టినవాళ్ళు తక్కువ, అమ్ముడుపోతుందని పెట్టినవాళ్ళు ఎక్కువ.

అదే వీధిలో అదే ఏడాది నలుగురు కుర్రాళ్ళు బైబిల్ వచనం వేసుకుని నిలబడ్డారు. రాట్, బాన్ జోవీ లాంటి బ్యాండ్ల ముందు వాయించారు. ఆ జనం ఎలా ఉంటారో నాకు తెలుసు. నచ్చకపోతే మొహం మీదే చెప్తారు. మెటల్ పత్రికలు వీళ్ళని తేనెటీగలని వెక్కిరించాయి. పాయిజన్‌లో తర్వాత పేరు తెచ్చుకున్న సి.సి. డివిల్ కూడా రాక్స్ రెజీమ్‌లో కొన్నాళ్ళు ఉన్నాడు. ఆ పసుపు నలుపు వేషం అతనికి నచ్చలేదు, వెళ్ళిపోయాడు.

అంటే వీళ్ళ మీద నవ్వినవాళ్ళలో మా మెటల్ వాళ్ళూ ఉన్నారు, మీ చర్చి వాళ్ళూ ఉన్నారు. రెండువైపులా తిట్లు పడుతుంటే ఒకవైపుకి జరిగిపోవడం తేలిక. వాళ్ళు జరగలేదు. అందుకే నాకు వాళ్ళంటే గౌరవం.

ఇంకో సంగతి. మెటల్‌లో దేవుడి మాట ఎత్తింది వీళ్ళే మొదటివాళ్ళు కాదు. 1971లో బ్లాక్ సబ్బాత్ బ్యాండు 'ఆఫ్టర్ ఫరెవర్' అనే పాటలో వాళ్ళ బేస్ వాయించే గీజర్ బట్లర్ రాసినవి పూర్తిగా విశ్వాసి మాటలే. రిజరెక్షన్ బ్యాండ్ 1972లోనే మొదలైంది. 1978లో వాళ్ళ మొదటి ఆల్బమ్ 'అవెయిటింగ్ యువర్ రిప్లై' వచ్చింది. స్వీడన్‌లో జెరూసలేమ్ అనే బ్యాండు కూడా ఆ కాలంలోనే. కానీ వీళ్ళలో ఎవరూ సన్‌సెట్ స్ట్రిప్‌లో నిలబడి, ఆ వీధి భాషలోనే, ఆ వీధి వేషంలోనే చెప్పలేదు. అదీ తేడా.

లీడ్‌గిటార్_గుంటూరు
సోమవారం, రాత్రి 9:15

మల్కాజిగిరి బ్రో, 1983 మొత్తం కళ్ళముందు పెట్టేశావు.

పాఠకుడు గారూ, మీ ప్రశ్నకి సమాధానం చెప్పేముందు నిన్న గుర్తుపెట్టుకోమన్న పేరు మళ్ళీ తెస్తాను. వాళ్ళు బైబిళ్ళు విసరడం గురించి, సరిగ్గా మీరు చెప్పిన వచనమే చెప్పి విమర్శించినవాడు జిమ్మీ స్వాగర్ట్. పందుల ముందు ముత్యాలు వేసినట్టే అన్నాడు. 1987లో క్రైస్తవ రాక్ సంగీతం తోడేలుకి గొర్రె తోలు కప్పినట్టని చెబుతూ ఒక పుస్తకమే వేశాడు.

ఎవరి ప్రసంగం విని పన్నెండేళ్ళప్పుడు మైకేల్ రక్షణ పొందాడో, ఆయనే. చిన్నప్పుడు తనకి వాక్యం నేర్పిన అయ్యగారు పెద్దయ్యాక అందరి ముందూ నీ పరిచర్య పనికిరాదు అంటే ఎలా ఉంటుంది? నాకు అది ఊహించుకుంటేనే గొంతు పట్టేస్తుంది. ఎందుకంటే నాకూ జరిగింది. మా సంఘంలో ఒక క్రిస్మస్‌కి డిస్టార్షన్ పెడల్ (గిటారు మోతని గరుకుగా మార్చే పెట్టె) పెట్టి 'గ్లోరీ గ్లోరీ హల్లెలూయా' ట్యూను వాయించాను. నన్ను సండే స్కూల్లో ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాటలు నేర్పిన పెద్దే లేచి, వైరు పీకేయమన్నారు. ఆరు నెలలు గిటారు ముట్టుకోలేదు.

అదే ట్యూను స్ట్రైపర్ వాళ్ళ 1985 ఆల్బమ్ 'సోల్జర్స్ అండర్ కమాండ్' చివర్లో ఉందని నాకు తర్వాత తెలిసింది. 'బ్యాటిల్ హిమ్ ఆఫ్ ద రిపబ్లిక్'. అమెరికా అంతర్యుద్ధం నాటి పాటని గిటార్లతో వాయించి ఆల్బమ్ ముగించారు. అది విన్న రోజు పెడల్ దుమ్ము తుడిచాను.

ఇక ఆ ఆల్బమ్ గురించి. 1985 మేలో వచ్చింది. మైకేల్ వాగెనర్ అనే జర్మన్ నిర్మాత బ్యాండుతో కలిసి చేశాడు. మెటల్ సౌండుకి అప్పట్లో గట్టి చెయ్యి ఆయనది. మొదటి రికార్డుకీ దీనికీ పోలికే లేదు. టైటిల్ పాట మొదట్లో ఆజ్, మైకేల్ స్వీట్ జంటగా వాయించే చోట చెవి పెట్టి వినండి. ఒకరు 'స' దగ్గర ఉంటే ఇంకొకరు 'గ' దగ్గర ఉంటారు. ఇద్దరూ ఒకే దారిలో పక్కపక్కన నడుస్తారు. గాత్రంలోనూ అంతే, కోరస్ వచ్చేసరికి మెటల్ బ్యాండు కాస్తా కోయిర్ అయిపోతుంది. తొంభైల్లో మన కోయిర్లలో పెరిగినవాళ్ళకి ఈ బ్యాండు అంత త్వరగా దగ్గరవడానికి కారణం అదే అనుకుంటున్నాను. అమెరికాలో 5 లక్షల కాపీలు దాటి గోల్డ్ అయింది. అదే ఏడాది జపాన్ వెళ్ళి వాయించి వచ్చారు.

కీర్తన_కాకినాడ
సోమవారం, రాత్రి 9:50

తమ్ముడూ, ఆ వైరు పీకిన సంగతి చదివి కళ్ళు చెమర్చాయి.

పాఠకుడు గారూ, మీ బాధ నాకు తెలుసు. మా ఇంట్లోనూ బైబిలు నేల మీద పెట్టం. కానీ ఒక్కటి అడుగుతాను. ఆ హాల్లో కింద నిలబడ్డది ఎవరు? పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్లలు. చాలామంది చర్చి గడప తొక్కినవాళ్ళు కాదు. వాళ్ళని మనం పందులు అనగలమా?

మన 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' తీసి చూడండి. ప్రతి పాట మీద రాగం, తాళం రాసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు పందొమ్మిదో శతాబ్దంలో కీర్తనలు రాసేటప్పుడు, ఈ నేల మీద జనం చెవులకి అలవాటైన రాగాల్లోనే రాశారు. దొరల ట్యూన్లు అరువు తెచ్చుకోలేదు. అందుకే మా నాయనమ్మకి చదువు రాకపోయినా వంద పాటలు వచ్చు. సన్‌సెట్ స్ట్రిప్ కుర్రాళ్ళ చెవులకి అలవాటైన రాగం గిటారు హోరు. స్ట్రైపర్ ఆ రాగంలో కట్టింది. నేనైతే అంతకంటే ఎక్కువ తేడా చూడలేకపోతున్నాను.

సీయోను_పాఠకుడు
మంగళవారం, ఉదయం 5:45

అమ్మా, తమ్ముడూ, రాత్రంతా ఆలోచించాను.

స్వాగర్ట్ గారి సంగతి నాకు తెలియదు. తన ప్రసంగం విని మారిన పిల్లలనే అలా అన్నారని చదివి మనసు కలుక్కుమంది. మా సంఘంలో నేను కూడా పిల్లల్ని గద్దించిన సందర్భాలున్నాయి. ఒకబ్బాయి తర్వాత ఆరాధనకి రావడమే మానేశాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాడని విన్నాను. నంబర్ కనుక్కుని ఫోన్ చేద్దామనుకుంటున్నాను.

పందులు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కీర్తనల పుస్తకం సంగతి నువ్వు చెప్పింది సబబుగానే ఉంది. కానీ పుస్తకం విసరడం మాత్రం ఇప్పటికీ నాకు మింగుడుపడదు. చేతికి అందించవచ్చు కదా. ఆ విషయంలో నన్ను మార్చాలని చూడకండి.

ఒహాయో_తెలుగు
మంగళవారం, ఉదయం 8:30

పాఠకుడు గారూ, మిమ్మల్ని మార్చడానికి కాదు, నాకు జరిగింది చెప్తాను. 2016లో 'టు హెల్ విత్ ద డెవిల్' వచ్చి 30 ఏళ్ళయిన సందర్భంగా వాళ్ళు టూర్ చేశారు, ఆల్బమ్ మొత్తం వరసగా వాయిస్తూ. ఇక్కడి ఒక చిన్న క్లబ్బుకి మా ఆయనతో కలిసి వెళ్ళాను. అప్పటికి అమెరికా వచ్చి నాలుగేళ్ళు, చర్చికి వెళ్ళడం మానేసి మూడేళ్ళు. పిల్లలు, ఉద్యోగం, వీసా టెన్షన్, ఏదో ఒక సాకు. మైకేల్ విసిరిన కొత్త నిబంధన ఒకటి నా ముందున్న పొడుగాటి మనిషి భుజానికి తగిలి నా చేతుల్లో పడింది. పైన పసుపు నలుపు స్టిక్కర్. ఆయన వెనక్కి తిరిగి చూశాడు, నేను ఇవ్వబోతే వద్దు ఉంచుకోండి అన్నాడు.

ఆ రాత్రి కారులో దాన్ని తెరిచాను. అంతే చెప్తాను, మిగిలింది నాకూ దేవుడికీ సంబంధించింది. పుస్తకం ఇప్పుడు మా వంటగది కిటికీలో ఉంది. నేల మీద పెట్టలేదండీ.

నల్గొండ_డ్రమ్మర్
మంగళవారం, మధ్యాహ్నం 1:10

అక్కా, అదృష్టవంతులు మీరు. 

రాబర్ట్ స్వీట్ డ్రమ్స్ అడ్డంగా ఎందుకు పెట్టుకుంటాడు? వీడియోల్లో ఎప్పుడు చూసినా పక్క నుంచే కనిపిస్తాడు. ఇంకొకటి, వీళ్ళదే కదా ప్లాటినం అయిన మొదటి క్రైస్తవ ఆల్బమ్? ఎక్కడో చదివాను.

లీడ్‌గిటార్_గుంటూరు
మంగళవారం, రాత్రి 9:05

డ్రమ్మర్ తమ్ముడూ, రెండోదానికి ముందు చెప్తాను. మొదటి క్రైస్తవ ప్లాటినం అనడం తప్పు. ఏమీ గ్రాంట్ 1982 ఆల్బమ్ 'ఏజ్ టు ఏజ్' అంతకుముందే ప్లాటినం అయింది. క్రైస్తవ మెటల్‌లో మొదటిది అనాలి. 'టు హెల్ విత్ ద డెవిల్' 1986 అక్టోబర్ 24న వచ్చి, పది లక్షల కాపీలు దాటి ప్లాటినం అయింది. అమెరికాలో ఆల్బమ్‌ల జాబితా వేసే బిల్‌బోర్డ్‌లో 32వ స్థానం దాకా వెళ్ళింది.

డ్రమ్స్ సంగతి. మామూలుగా డ్రమ్మర్ అందరి వెనకా, తాళాల చాటున ఉంటాడు. చేతులు, కాళ్ళు ఎలా ఆడుతున్నాయో జనానికి కనపడదు. రాబర్ట్ సెట్‌ని పక్కకి తిప్పి పెట్టుకున్నాడు, మనిషి మొత్తం కనిపించేలా. తనని డ్రమ్మర్ అనకుండా 'విజువల్ టైమ్‌కీపర్' అనుకున్నాడు. అంటే తాళం చెవికే కాదు, కంటికి కూడా కనపడాలి అని. మన కచేరీల్లో మృదంగం వాయించేవారిని పక్క నుంచి చూస్తాం కదా, రెండు చేతుల పనీ తెలుస్తుంది. అలాగే.

పాతటేపు_బెజవాడ
మంగళవారం, రాత్రి 9:40

నా టేపు అట్ట నల్లగా ఉంది, లోగో, పేరు తప్ప బొమ్మ లేదు. ఇంకో అట్ట ఉండేదని విన్నాను. నిజమేనా? అలాగే టేపులో బేస్ వాయించింది టిమ్ గెయిన్సే కదా?

మెటల్_మల్కాజిగిరి
మంగళవారం, రాత్రి 10:20

అన్నా, రెండూ నేను చెప్తాను.

అట్ట నిజమే. మొదట వేసిన బొమ్మలో పొడుగు జుట్టున్న నలుగురు దేవదూతలు సాతానుని పట్టుకుని మంటల గుంటలోకి తోస్తుంటారు. ఆ నలుగురి పోలికలు బ్యాండు వాళ్ళవే. అభ్యంతరాలు రావడంతో అది తీసేసి నల్లటి అట్ట వేశారు. మొదటి బొమ్మ ఉన్న ఎల్పీలు ఇప్పుడు సేకరించేవాళ్ళు వెతుక్కుంటున్నారు.

పేరు కూడా అంతే, సగం చదివినవాళ్ళు భయపడ్డారు. సాతాను నరకానికి పోవాలి అని అర్థం. మూడేళ్ళ కిందట అదే ఊళ్ళో 'షౌట్ ఎట్ ద డెవిల్' వచ్చిందని చెప్పాను కదా. ఈ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూడండి.

బేస్ విషయంలో మాత్రం పొరపాటు. ఆ రికార్డింగ్ సమయానికి టిమ్ గెయిన్స్ బ్యాండులో లేడు. ఆల్బమ్‌లో వాయించింది బ్రాడ్ కాబ్. టూర్ మొదలయ్యేసరికి టిమ్ తిరిగొచ్చాడు, వీడియోల్లో అతనే ఉంటాడు. అందుకే అందరికీ ఆ గందరగోళం. రికార్డింగ్‌లో వాయించినవాడి పేరు మర్చిపోతే నాకు నచ్చదు. 'కాలింగ్ ఆన్ యూ'లో బేస్ మీద మనసు పెట్టి వినండి, ఆ చేతులు బ్రాడ్ కాబ్‌వి.

లీడ్‌గిటార్_గుంటూరు
మంగళవారం, రాత్రి 11:00

మంచి మాట బ్రో. ఆజ్ ఫాక్స్ రాసిన 'ద వే' కూడా ఆ ఆల్బమ్‌లోనే ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాట అదే, గిటారు కొరికేసినట్టుంటుంది.

1987 గురించి చెప్పి ముగిస్తాను. ఎమ్‌టీవీలో ఫోన్ చేసి పాట అడిగే కార్యక్రమం ఉండేది. అందులో 'ఫ్రీ', 'కాలింగ్ ఆన్ యూ' రెండూ జనం ఎక్కువగా అడిగిన పాటల వరసలో మొదటి స్థానానికి వెళ్ళాయి. ఆ వెనకే 'ఆనెస్ట్లీ' అనే నెమ్మది పాట బిల్‌బోర్డ్ సింగిల్స్‌లో 23వ స్థానం దాకా ఎక్కింది. అది పియానో పాట, మైకేల్ రాసింది. అమెరికాలో పెళ్ళిళ్ళలో కూడా వాయించారు. నాలుగేళ్ళ కిందట క్లబ్బులో వెక్కిరింతలు తిన్న గొంతు అది.

ఇక్కడ నాకొక దిగులు కూడా ఉంది, దాచుకోను. పేరు పెరిగేకొద్దీ పాటలు మెత్తబడ్డాయి. 1988లో 'ఇన్ గాడ్ వి ట్రస్ట్' గోల్డ్ అయింది కానీ, నా చెవికి అందులో నిగనిగ ఎక్కువ, కసి తక్కువ. 1990లో చారలు తీసేసి, వచనం తగ్గించి ఇంకో రకం ఆల్బమ్ చేశారు. 1992లో మైకేల్ వెళ్ళిపోయాడు. మళ్ళీ కలిసి గట్టిగా వాయించడం 2003 తర్వాత. అందుకే ఆ తొలి రోజులంటే నాకు అంత ప్రేమ. 1984 ఆరు పాటల్లో తప్పులున్నాయి, కానీ ఎవరి మెప్పు కోసమూ వాయించినట్టు ఉండదు.

ఒహాయో_తెలుగు
బుధవారం, ఉదయం 7:15

తమ్ముడూ, నేను ఒప్పుకోను. 'ఆనెస్ట్లీ' మెత్తటి పాటే, కానీ ఆ రాత్రి క్లబ్బులో నల్ల టీషర్టులు వేసుకున్న యాభై ఏళ్ళ మగాళ్ళు దానికి ఏడవడం నేను చూశాను. గట్టిగా వాయిస్తేనే నిజాయితీ అనుకోకు.

లీడ్‌గిటార్_గుంటూరు
బుధవారం, ఉదయం 7:40

అక్కా, అది నిజమే. ఆ మాట నేను తొందరపడి రాశాను. 1988 గురించి మాత్రం నా మాట మీదే ఉంటాను.

సీయోను_పాఠకుడు
బుధవారం, సాయంత్రం 6:30

మనవడి చెవి ఫోన్లు పెట్టుకుని 'ఆనెస్ట్లీ' విన్నాను. రెండుసార్లు. ఇంగ్లీషు మాటలు స్పష్టంగా ఉన్నాయి, నాకు అర్థమయ్యాయి. ఆ తర్వాత వాడు 'సోల్జర్స్ అండర్ కమాండ్' పెట్టాడు. సగంలో తీసేశాను, నా చెవులకి అది పడదు. కానీ కీర్తన 150లో "గంభీరధ్వనిగల తాళములతో ఆయనను స్తుతించుడి" అని ఉన్నది నిజమే. దావీదు కాలంలో ఆ తాళాలు వింటే నేను ఏమనేవాణ్ణో తెలియదు.

ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేస్తాను.

పాతటేపు_బెజవాడ
బుధవారం, రాత్రి 9:00

పాఠకుడు గారూ, చేస్తూనే ఉండండి. ఎత్తుతాడు.

ఈ రోజు సత్యనారాయణపురంలో ఒక రేడియో రిపేరు షాపు వెతికి పట్టుకుని, నాన్నగారి టేప్ రికార్డర్‌కి కొత్త బెల్టు వేయించాను. క్యాసెట్ లోపల స్పాంజి ఊడిపోయింది, ఇంకో క్యాసెట్ నుంచి తీసి అతికించారు. మొదటి వైపు శుభ్రంగా తిరిగింది. రెండో వైపు 'ద వే' దగ్గర కొంచెం గరగర. మా అమ్మాయికి ఇంటర్. పక్కన కూర్చుని మొత్తం వింది. తర్వాత "నాయనమ్మ ఏ బీరువాలో పెట్టింది?" అని అడిగింది. చూపించాను.

నల్గొండ_డ్రమ్మర్
బుధవారం, రాత్రి 9:45

అన్నలూ, అక్కలూ, మా చర్చిలో శనివారం యూత్ మీటింగ్ ఉంది. డ్రమ్స్ పక్కకి తిప్పి పెడదామనుకుంటున్నా. మా అయ్యగారిని అడిగితే, "కనపడితే మంచిదే, పక్కనున్న తబలా అబ్బాయికి చోటుండేలా చూసుకో" అన్నారు. ఒక్క డౌట్: హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళాలు) జనం వైపు రావాలా, గోడ వైపా?

లీడ్‌గిటార్_గుంటూరు
బుధవారం, రాత్రి 9:58

కుడిచేతి వాటమైతే సెట్‌ని ఎటు తిప్పుతావో దాన్నిబట్టి ఉంటుంది. హై-హ్యాట్ జనం వైపు వస్తే ఆ మోత ముందు వరసలో పిల్లల చెవుల్లో పడుతుంది. గోడ వైపు ఉండేలా తిప్పు, జనానికి ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబెట్టే పెద్ద డ్రమ్ము), నీ కుడిచెయ్యి కనపడతాయి. కింద పాత చాప వెయ్యి, లేకపోతే టైల్స్ మీద సెట్ జారుతుంది. శనివారం ఫొటో పెట్టు.